అంగిలి ఆపరేషన్ అయ్యాక కూడా మాట ముక్కులోంచే వస్తుంటే

ప్రశ్న క్లుప్తంగా ఇది. బాబుకి ఆరేళ్లు. అంగిలి చీలికతో పుట్టాడు, పద్నాలుగో నెలలో ఆపరేషన్ చేయించారు. తినడం, తాగడం బాగానే ఉంది. మాట మాత్రం ముక్కులోంచి వస్తోంది. 'పప్పు' అంటే 'మమ్ము' అన్నట్టు వినిపిస్తోంది, స్కూల్లో టీచర్‌కి సగం మాటలు అర్థం కావడం లేదు. ఎవరో చెప్పారని రోజూ బెలూన్లు, పీకలు ఊదిస్తున్నారు. కొండనాలుక పొట్టిగా ఉందని బంధువులు అంటున్నారు. ఇంకెన్నాళ్లు ఊదించాలి, కొండనాలుకకి ఏమైనా చేయించాలా, మళ్లీ ఆపరేషన్ తప్పదా అని ఆ తల్లి అడిగారు.

అమ్మా, బెలూన్లు ఈ రోజే ఆపేయండి. ఆడుకోవడానికైతే ఇవ్వండి, వైద్యం అనుకుని మాత్రం వద్దు. ఊదేటప్పుడు, మింగేటప్పుడు, మాట్లాడేటప్పుడు పనిచేసేవి అవే కండరాలు. కానీ మెదడు వాటిని నడిపించే తీరు ఒక్కో పనికి ఒక్కోలా ఉంటుంది. బెలూన్ పగిలేదాకా ఊదగలిగి, 'బాబాయి' అనమంటే ముక్కుతో అనే పిల్లలు మా దగ్గరికి వస్తూనే ఉంటారు. పైగా ఈ వ్యాయామాల వెనక 'అంగిలి బలహీనంగా ఉంది, కసరత్తు చేస్తే బలపడుతుంది' అనే లెక్క ఉంది. చీలిక ఆపరేషన్ అయిన పిల్లల్లో సమస్య చాలావరకు బలంలో కాదు, పొడవులోనో, కండరం అతుక్కున్న చోటులోనో ఉంటుంది. పొట్టి చొక్కాని ఎన్నిసార్లు ఇస్త్రీ చేసినా పొడవు అవదు కదా.

మీరు ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే. బాబు ముక్కులోంచి గాలి పోవడం అంగిలి చాలకపోవడం వల్లనా, నేర్చుకున్న తీరు వల్లనా, లేక రెండూ కలిసి ఉన్నాయా? మొదటిదానికి సర్జన్ కావాలి, రెండోదానికి థెరపీ కావాలి. ఇది తేలకుండా ఏళ్ల తరబడి థెరపీ చేయించినా, తొందరపడి ఆపరేషన్ చేయించినా పిల్లాడి కాలమే పోతుంది. ఎలా తేల్చాలో చెప్పాలంటే అక్కడ లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలియాలి.

అద్దం ముందు నిలబడి, ఫోన్ టార్చ్ వేసుకుని మీ నోరే ముందు చూసుకోండి. పై పళ్ల వెనక నుంచి నాలుక కొనతో తడుముతూ వెనక్కి వెళితే గట్టిగా ఎముక తగులుతుంది. అది గట్టి అంగిలి. ఇంకా వెనక్కి వెళితే ఒక చోట ఎముక ఆగిపోయి మెత్తగా అవుతుంది. అక్కణ్నుంచి కొండనాలుక దాకా ఉన్నది మెత్తటి అంగిలి. పెద్దవాళ్లలో మూడు నాలుగు సెంటీమీటర్లుంటుంది, లోపల చాలావరకు కండరమే. ఇప్పుడు 'ఆ' అనండి. ఆ మెత్తటి భాగం పైకి, వెనక్కి లేస్తుంది. మనకి కనిపించేది దాని అడుగు భాగమే. అసలు పని పైవైపున, ముక్కు వెనక భాగంలో జరుగుతుంది. అది నోరు తెరిచి చూస్తే కనిపించదు. అందుకే టార్చ్ వేసి చూసి 'అంగిలి బాగానే కదులుతోందమ్మా' అని ఎవరన్నా నేను అంతటితో ఊరుకోను.

అంగిలిని లేపే ప్రధాన కండరం పేరు లెవేటర్. రెండు వైపులా ఒక్కోటి, చెవి దగ్గర పుర్రె అడుగు నుంచి దిగి, మెత్తటి అంగిలి మధ్యలో అడ్డంగా ఒకదానితో ఒకటి కలుస్తాయి. రెండూ బిగిస్తే అంగిలి లేచి గొంతు వెనక గోడకి ఆనుకుంటుంది. అదే సమయంలో గొంతు పక్క గోడలు కూడా లోపలికి జరుగుతాయి. ఎవరికి వెనక గోడ వైపు కదలిక ఎక్కువ, ఎవరికి పక్క గోడలు ఎక్కువ అన్నది మనిషికో రకం. ఇంకా రెండు జతల కండరాలు అంగిలిని నాలుక వైపుకి, గొంతు వైపుకి కిందికి దించుతాయి. టెన్సర్ అనే మరో జత మాటకి పెద్దగా ఉపయోగపడదు, కానీ చెవికి చాలా ముఖ్యం. దాని సంగతి తర్వాత చెబుతాను.

కొండనాలుక విషయం ఇక్కడే చెప్పేస్తాను. గొంతు వెనక గోడని తాకేది అంగిలి చివర కూడా కాదు. మధ్యకి కాస్త వెనగ్గా, మడత పడినట్టు లేచే భాగం తాకుతుంది. కొండనాలుక దానికింద వేలాడుతూ ఉంటుంది, అంతే. అది పొట్టిగా ఉన్నంత మాత్రాన ముక్కు మాట రాదు, పొడవుగా ఉన్నంత మాత్రాన ఆగదు. మన ఊళ్లలో దగ్గు తగ్గకపోతే కొండనాలుక జారిందని ఉప్పో మిరియాల పొడో వేలితో అద్ది నొక్కుతారు. ఆపరేషన్ అయిన అంగిలి మీద ఆ పని అస్సలు చేయనివ్వకండి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడే పని అది. నాలుక కింద తీగ కోయిస్తే సరిపోతుందని కూడా ఎవరో ఒకరు చెబుతారు. ఆ తీగకీ ముక్కు మాటకీ సంబంధం లేదు.

ఇక మాట. బాబు పుస్తకంలో వర్ణమాల తీసి ప వర్గం చూడండి: ప, ఫ, బ, భ, మ. ఐదింటికీ పెదాలు ఒకేలా మూస్తాం. మొదటి నాలుగింటికి ముక్కు దారి వెనక మూసి ఉండాలి, ఐదోదానికి తెరిచి ఉండాలి. త వర్గంలో 'న', ట వర్గంలో 'ణ' కూడా అంతే. అంటే 'బ'కీ 'మ'కీ పెదాల్లో తేడా లేదు, ఉన్న తేడా అంగిలి దగ్గర ఉంది. మీ బాబు 'పప్పు' అనబోతే 'మమ్ము' లాంటిది వస్తోందంటే వాడి పెదాలు తమ పని తాము చేస్తున్నట్టే. 'పెదాలు సరిగ్గా మూసి చెప్పరా' అని విసుక్కుంటే వాడేం చేయగలడు? ఇంట్లోనూ స్కూల్లోనూ ఈ మాట ఆగాలి.

'నాన్న తాతకి పండు పెట్టాడు' అనండి. 'నాన్న'కి ముక్కు దారి తెరుచుకుంటుంది, 'తాతకి ప' దాకా మూసుకుంటుంది, 'ం' దగ్గర మళ్లీ తెరుచుకుంటుంది, 'డు పెట్టాడు'కి మళ్లీ మూసుకుంటుంది. ఇదంతా రెండు సెకన్లలోపే, మనకి తెలియకుండానే జరిగిపోతుంది. అదే ఊదేటప్పుడైతే ఒకసారి మూసి అలాగే ఉంచుతాం. ఊదడం నేర్పితే మాట రాకపోవడానికి ఇదొక కారణం.

'ప, ట, క, చ, స' లాంటి శబ్దాలకి నోట్లో గాలి ఒత్తిడి పేరుకోవాలి. మామూలుగా 3 నుంచి 8 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి అవసరమవుతుంది. వెనక సందు ఉంటే ఆ ఒత్తిడి నిలవదు. ఎంత సందు ఉంటే ఎంత నష్టం అన్నది 1960ల నుంచి అమెరికాలో డొనాల్డ్ వారెన్, ఆయనతో పనిచేసినవాళ్లు గాలి ఒత్తిడి, ప్రవాహం కొలిచి చూశారు. సుమారు 20 చదరపు మిల్లీమీటర్లు దాటిన సందు ఉంటే మూత చాలనట్టే అని వాళ్లు లెక్కగట్టారు. గుండ్రంగా ఊహించుకుంటే అది ఐదు మిల్లీమీటర్ల అడ్డకొలత ఉన్న రంధ్రం, పెసర గింజకి కాస్త అటూ ఇటూ. అంత చిన్న సందు మాటంతటినీ మార్చేస్తుంది. అంతకంటే బాగా చిన్న సందుంటే మాట ముక్కులో మోగదు కానీ 'స', 'ప' దగ్గర ముక్కులోంచి సన్నగా బుసకొట్టినట్టు గాలి వినిపిస్తుంది. చిత్రంగా, కొన్నిసార్లు చిన్న సందు చేసే చప్పుడే పెద్ద సందు కంటే ఎక్కువ వినిపిస్తుంది.

తెలుగులో ద్విత్వాలు ఎక్కువ: పప్పు, అట్టు, అక్క, బుగ్గ, సబ్బు. వీటికి గాలిని లోపల మామూలు కంటే ఎక్కువసేపు ఆపి ఉంచాలి కాబట్టి లీకు ఇక్కడ బాగా బయటపడుతుంది. అచ్చుల్లో 'ఆ' కంటే 'ఈ', 'ఊ' దగ్గర ముక్కు మోత తేలిగ్గా తెలుస్తుంది. నాలుక పైకి లేచి నోటి దారి ఇరుకై, సందు ఉంటే గాలి ముక్కు వైపుకే మళ్లుతుంది. నేను పిల్లల చేత ముందు 'ఆ' అనిపించి, తర్వాత 'ఈ' అనిపించి వింటాను. సగం సంగతి అక్కడే తెలుస్తుంది.

అంగిలి చీలికలో ఏం జరుగుతుందంటే, గర్భం మొదటి మూడు నెలల్లో కలవాల్సిన రెండు సగాలు కలవవు. గ్రహణం రోజు మీరు బయటికి వెళ్లడానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు, ఎవరైనా అంటుంటే పట్టించుకోకండి. ప్రపంచవ్యాప్తంగా సుమారు 700 మంది పిల్లల్లో ఒకరు పెదవి చీలికతోనో, అంగిలి చీలికతోనో, రెండింటితోనో పుడతారు. మధ్యలో కలవడానికి అంగిలి లేకపోవడంతో లెవేటర్ కండరాలు అడ్డంగా కలవకుండా ముందుకి తిరిగి గట్టి అంగిలి వెనక అంచుకి అతుక్కుంటాయి. కండరం ఉంటుంది, బిగుస్తుంది కూడా, కానీ అంగిలిని లేపలేదు. అందుకే సర్జన్ చీలికని కుట్టడమే కాదు, ఆ కండరాలని ఎముక అంచు నుంచి విడదీసి, వెనక్కి తిప్పి, మధ్యలో ఒకదానితో ఒకటి కలపాలి. పైపొర మాత్రమే కలిపిన ఆపరేషన్లలో చూడటానికి అంగిలి నిండుగా ఉంటుంది, మాటకి పనికిరాదు. మీ పాత డిశ్చార్జ్ సమ్మరీ ఉంటే అందులో కండరం సరిచేసినట్టు రాసి ఉందేమో చూడండి. తర్వాత కలిసే సర్జన్‌కి అది పనికొస్తుంది.

మంచి చేతుల్లో ఆపరేషన్ జరిగినా కొంతమంది పిల్లల్లో అంగిలి పొడవు చాలదు, లేదా గొంతు వెనక గోడ మరీ లోతుగా ఉంటుంది, లేదా కుట్టిన చోట మచ్చ బిగుసుకుని కదలిక తగ్గుతుంది. ఇది ఎవరి తప్పూ కాదు. ఇంకోటి, గట్టి అంగిలిలో చిన్న రంధ్రం మిగిలిపోయి ఉండొచ్చు. పాలో, చాక్లెట్ రంగు ద్రవమో తాగినప్పుడు ముక్కులో కనిపిస్తుందేమో గమనించండి. మీరు తినడం బాగానే ఉందన్నారు కాబట్టి ఆ అనుమానం తక్కువే.

ఇప్పుడు ఇంట్లో చూడగలిగేవి. ముక్కు శబ్దాలు ఒక్కటీ లేని వాక్యాలు కావాలి, అంటే మ, న, ణ, సున్నా ఏవీ ఉండకూడదు. నేను వాడేవి కొన్ని:

కుక్కకి రొట్టె పెట్టకు.
బాబాయి గుడికి పోతాడు.
తాత టోపీ పెట్టాడు.
సీసాలో చక్కెర పొయ్యి.

ముందు మీరే అనండి. తర్వాత ముక్కు రెండు వేళ్లతో మూసుకుని మళ్లీ అనండి. తేడా ఉండదు, ఎందుకంటే వీటికి ముక్కు అవసరమే లేదు. ఇప్పుడు 'మా మామ మాట నేను వినను' అని ముక్కు మూసుకుని అనండి, వెంటనే తేడా తెలుస్తుంది. బాబు చేత మొదటి నాలుగు వాక్యాలు ముక్కు తెరిచి ఒకసారి, మూసి ఒకసారి అనిపించండి. మూసినప్పుడు మాట ఒక్కసారిగా స్పష్టమైతే, 'ప' కాస్త 'ప'లా వినిపిస్తే గాలి వెనక నుంచి పోతున్నట్టే. మూసినా తెరిచినా మాట ఒకేలా తప్పుగా ఉంటే, తప్పు ఇంకెక్కడో ఉందని అర్థం.

రెండోది స్పూన్ పరీక్ష. ఒక స్టీల్ స్పూన్ కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి, తుడిచి, బాబు ముక్కు రంధ్రాల కింద పట్టండి. 'పపపప', 'సస్సస్స', 'కీకీకీ' అనిపించి ఆవిరి పడుతుందా చూడండి. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. వాడు అనడం మొదలుపెట్టాక స్పూన్ పెట్టాలి, ఆపక ముందే తీసేయాలి. లేకపోతే మాట అయ్యాక వదిలిన ఊపిరే స్పూన్ మీద ఆవిరిలా కనిపించి అనవసరంగా టెన్షన్ పడతారు. రెండు పరీక్షలూ ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. కొత్త ఆస్పత్రిలో పిల్లాడు నోరు విప్పకపోతే ఆ వీడియోనే అక్కరకొస్తుంది.

జలుబు చేసినప్పుడు ఈ పరీక్షలు చేయకండి. జలుబులో జరిగేది దీనికి పూర్తిగా ఎదురు: ముక్కు దారి మూసుకుపోయి 'అమ్మ' కాస్తా 'అబ్బ' అవుతుంది. దాన్ని కూడా జనం 'ముక్కుతో మాట్లాడటం' అనే అంటారు, అందువల్ల డాక్టర్ల దగ్గర కూడా గందరగోళం వస్తుంటుంది.

ఇక అలవాటు సంగతి. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సర్జరీ మీదే దృష్టి పెట్టే తల్లిదండ్రులు దీన్ని వదిలేస్తారు. పిల్లాడు మాటలు నేర్చే వయసులో నోట్లో గాలి నిలవకపోతే వాడు ఊరుకోడు. లీకు కంటే కింద, గాలి ఇంకా తన చేతిలో ఉన్న చోట దాన్ని ఆపడం నేర్చుకుంటాడు. ఆ చోటు స్వరపేటిక. స్వరతంత్రుల్ని టక్కున బిగించి వదిలి 'క'కి బదులు వాడుకుంటాడు. 'కాకి' అంటే 'ఆ'కీ 'ఇ'కీ మధ్య గొంతులో చిన్న పట్టు వినిపిస్తుంది. 'అక్క' కూడా అంతే, రెండు 'అ'ల మధ్య ఒక కుదుపు. పిల్లాడి వైపు నుంచి చూస్తే అది తెలివైన పనే. కానీ ఆ తీరు అలవాటైపోతే తర్వాత అంగిలిని ఎంత బాగా సరిచేసినా అది తనంతట పోదు. థెరపీతోనే పోవాలి.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. గొంతులోనే గాలి ఆపే పిల్లాడికి అంగిలి లేపాల్సిన అవసరమే రాదు, కాబట్టి లేపడు. అలాంటి పిల్లాడికి ఎండోస్కోపీ (ముక్కులోంచి కెమెరా పంపి చూడటం) చేస్తే సందు అసలు కంటే పెద్దగా కనిపించొచ్చు. ముందు థెరపీలో కనీసం రెండు మూడు శబ్దాలు నోట్లో సరైన చోట పలకడం నేర్పి, ఆ శబ్దాలు పలికేటప్పుడు అంగిలి ఎంత లేస్తోందో చూస్తే నిజం తెలుస్తుంది. సర్జన్, థెరపిస్ట్ ఇద్దరూ ఒకే గదిలో ఉండి ఎండోస్కోపీ చూడాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

అలవాటు ఒక్కటే ఉన్న కేసు ఎలా ఉంటుందో చెబుతాను. ఏడేళ్ల పాప, చీలిక ఏమీ లేదు. 'స' అన్నప్పుడల్లా ముక్కులోంచి బుస్సుమని గాలి. ఇంట్లోవాళ్లు ఆపరేషన్‌కి సిద్ధపడి వచ్చారు. నేను 'కుక్కకి రొట్టె పెట్టకు' అనిపించాను, స్పూన్ మీద చుక్క ఆవిరి లేదు. 'తాత టోపీ పెట్టాడు', అదీ శుభ్రంగా ఉంది. 'సీసా' అనగానే స్పూన్ మసకబారింది. 'ప, ట, క'లకి పూర్తిగా మూసుకునే అంగిలి 'స'కి మాత్రం మూసుకోకపోవడానికి పొడవుతో పనేముంది? అది నేర్చుకున్న తప్పు. పళ్లు రెండు వరసలూ కలిపి ఉంచి 'త' అనమన్నాను. తర్వాత ఆ 'త'ని గట్టిగా, గాలి ఎక్కువసేపు వదులుతూ అనమన్నాను: 'త్‌స్‌స్‌స్'. పళ్ల ముందు సన్నటి కాగితం ముక్క పెడితే అది కదలడం చూసి పాపకే నవ్వొచ్చింది. నెమ్మదిగా ముందున్న 'త్' తీసేస్తే మిగిలింది 'స'. ఆ తర్వాత 'సబ్బు', 'సీత', 'ఇసుక', చివరికి మామూలు కబుర్లు. కత్తి పడలేదు.

మీ బాబు విషయంలో 'ప' కూడా పోతోందంటున్నారు, పైగా చీలిక చరిత్ర ఉంది. కాబట్టి సందు ఉండే అవకాశమే ఎక్కువ అనిపిస్తోంది. వినకుండా చెప్పే మాట ఇంతవరకే. నిర్ధారణ కోసం రెండు పరీక్షలున్నాయి. ముక్కులోంచి సన్నటి గొట్టం కెమెరా పంపి, పిల్లాడు మాట్లాడుతుండగా పైనుంచి ఆ ద్వారాన్ని చూడటం ఒకటి. మత్తు ఇవ్వరు, ముక్కులో తిమ్మిరెక్కించే మందు పెడతారు. నాలుగైదేళ్లు దాటి, చెప్పిన వాక్యం తిరిగి చెప్పగలిగే పిల్లలు చేయించుకోగలరు, మీ బాబుకి ఆ వయసు వచ్చింది. రెండోది మాట్లాడేటప్పుడు పక్క నుంచి తీసే ఎక్స్‌రే వీడియో. అంగిలి పొడవు, గొంతు లోతు ఇందులో బాగా తెలుస్తాయి. ఏది చేసినా వీడియో కాపీ పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకోండి. 'మూత సరిగా లేదు' అని ఒక్క వాక్యం రాసిన రిపోర్టుతో ఇంకో సర్జన్ ఏమీ నిర్ణయించలేరు. సందు ఎంత, మధ్యలో ఉందా పక్కన ఉందా, పక్క గోడలు కదులుతున్నాయా అనేవి కావాలి.

ఆపరేషన్లు ఒక్కటి కాదు. కండరాలు ఇంకా ముందుకే అతుక్కుని ఉంటే అంగిలిని మళ్లీ తెరిచి సరిచేస్తారు. సందు చిన్నదైతే అంగిలిని జెడ్ ఆకారంలో కోసి ఎదురెదురుగా కలిపి పొడిగించే పద్ధతి ఉంది. అమెరికా సర్జన్ లెనార్డ్ ఫర్లో 1986లో ప్రచురించాడు కాబట్టి ఆయన పేరుతోనే పిలుస్తారు. సందు పెద్దదై, పక్క గోడలు బాగా కదులుతుంటే గొంతు వెనక గోడ నుంచి కొంత కండ తీసి అంగిలికి కుడతారు. ఊపిరికి రెండు పక్కలా దారి ఉంచుతారు, మాట్లాడేటప్పుడు పక్క గోడలు వచ్చి వాటిని మూస్తాయి. పక్క గోడలు కదలని వాళ్లకి వాటి కండనే తిప్పి వెనక అడ్డంగా కుట్టే పద్ధతి నయం. చివరి రెండింటి తర్వాత గురక వస్తుందేమో, నిద్రలో ఊపిరి ఆగుతోందేమో గమనించాలి. టాన్సిల్స్ పెద్దవిగా ఉంటే సర్జన్ ముందు వాటి సంగతి చూస్తారు. ఆపరేషన్‌కి వీలుకాని వాళ్లకి పళ్లకి తగిలించుకునే ప్లేటు వెనక ఒక గుండు అమర్చి సందు మూసే ఏర్పాటు కూడా ఉంది.

బాబుకి గుండెలో రంధ్రం, తరచూ ఇన్‌ఫెక్షన్లు, కాల్షియం తగ్గడం, చదువులో వెనకబాటు లాంటివి కూడా ఉంటే 22క్యూ11.2 అనే క్రోమోజోమ్ పరీక్ష గురించి అడగండి. ఆ క్రోమోజోమ్ లోపం ఉన్న పిల్లల్లో మెడలోని పెద్ద రక్తనాళం గొంతు వెనక గోడకి మరీ దగ్గరగా ఉండొచ్చు. అక్కణ్నుంచి కండ తీయబోయే సర్జన్‌కి ఇది ముందే తెలియాలి.

చెవి మాట బాకీ ఉంది. టెన్సర్ కండరం మింగినప్పుడల్లా చెవికీ గొంతుకీ మధ్య ఉన్న గొట్టాన్ని తెరుస్తుంది. చీలిక ఉన్న పిల్లల్లో అది సరిగా పనిచేయక కర్ణభేరి వెనక జిగురు నీరు చేరుతుంది. నొప్పి ఉండదు, చీమూ కారదు, వినికిడి మాత్రం తగ్గుతుంది. సన్నగా వినిపించే 'స', 'చ' లాంటివి పిల్లాడికి సరిగా అందవు, అందనిది వాడు పలకలేడు. మీరు ఎండోస్కోపీకి వెళ్లిన రోజే వినికిడి పరీక్ష, కర్ణభేరి ఎలా కదులుతోందో చూసే టింపనోమెట్రీ కూడా చేయించండి. నా లెక్కలో ఇది ఐచ్ఛికం కాదు.

థెరపీ ఎలా ఉండాలో కొంచెం చెబుతాను, మంచి థెరపిస్ట్‌ని గుర్తుపట్టడానికి పనికొస్తుంది. గొంతులో పట్టే అలవాటుని వదిలించడానికి నాకు బాగా అక్కరకొచ్చేవి మన ఒత్తక్షరాలు. 'ఖ, థ, ఫ' పలకాలంటే స్వరతంత్రులు తెరిచి ఊపిరి వదలాలి, అదే సమయంలో వాటిని బిగించి పట్టడం కుదరదు. 'ఫ' అంటే 'ఫ్యాన్'లో అనేది కాదు, 'ఫలం' అని పాతకాలపు మాస్టారు పలికించే 'ప్‌-హ'. గుసగుసగా 'ప్‌-హా, ప్‌-హూ' దగ్గర మొదలుపెట్టి, అది కుదిరాక 'హ' తగ్గించుకుంటూ 'పా'కి వస్తాం. అవసరమైతే మొదట్లో ముక్కు మూసి పెట్టి, గాలి నోట్లో నిలిస్తే ఎలా ఉంటుందో పిల్లాడికి తెలిసేలా చేస్తాం. శబ్దం, తర్వాత అక్షరం, పదం, వాక్యం, కబుర్లు, ఈ వరసలో పోతాం. ఇంట్లో రోజుకి రెండు మూడుసార్లు ఐదేసి నిమిషాలు చాలు. మీ థెరపిస్ట్ గదిలో ఈలలు, స్ట్రాలు, కొవ్వొత్తులు ఊదడమే జరుగుతుంటే వేరేవాళ్లని చూసుకోండి. అంగిలి మీద బ్రష్‌తో రుద్దడం, కరెంట్ పెట్టడం లాంటివాటికి డబ్బు పోయకండి.

సందు పెద్దదని తేలితే థెరపీతో అది మూసుకుంటుందని ఎవరు హామీ ఇచ్చినా నమ్మొద్దు. ఆపరేషన్ చేస్తే మర్నాటి నుంచి మాట స్పష్టంగా వస్తుందన్నా నమ్మొద్దు. దారి మూయడం సర్జన్ పని, ఆ దారిని వాడుకోవడం నేర్చుకోవాల్సింది పిల్లాడు.

ఇది చదివే మిగతావాళ్ల కోసం రెండు మాటలు. చీలిక లేకపోయినా పిల్లల మాట ముక్కులో మోగుతుంటే కొండనాలుక రెండుగా చీలి ఉందేమో, అంగిలి మధ్యలో నీలంగా పల్చటి గీత ఉందేమో, గట్టి అంగిలి వెనక అంచులో వేలికి నొక్కు తగులుతుందేమో చూడాలి. పైపొర కలిసి ఉండి లోపల కండరం చీలిన రకం అది, ఈ మూడు గుర్తులూ 1954లో కాల్నాన్ అనే సర్జన్ రాసినవి. ముక్కు వెనక ఉండే అడినాయిడ్ గడ్డ చిన్నపిల్లల్లో పెద్దదిగా ఉంటుంది, అంగిలి చాలామందిలో దానికే ఆనుకుని మూసుకుంటుంది. ఈ రకం అంగిలి ఉన్న పిల్లలకి గురకనో, జలుబనో అడినాయిడ్ మొత్తం తీసేస్తే అప్పటిదాకా బాగున్న మాట ముక్కులోకి దిగే ప్రమాదం ఉంది. ఆపరేషన్‌కి ముందు 'అంగిలి ఒకసారి చూశారా డాక్టర్ గారూ' అని అడగడం మీ హక్కు. అడినాయిడ్ యుక్తవయసుకి తనంతట కూడా చిన్నదవుతుంది, అందువల్ల చీలిక పిల్లల్ని పద్నాలుగు పదిహేనేళ్ల దాకా ఏడాదికోసారైనా చూపించుకోవాలి.

పెద్దవాళ్లలో గానీ పిల్లల్లో గానీ ఉన్నట్టుండి మాట ముక్కులోకి మారి, నీళ్లు తాగితే ముక్కులోంచి వస్తుంటే అది థెరపీ వ్యవహారం కాదు. పక్షవాతం కావచ్చు, కండరాలు త్వరగా అలిసిపోయే మయస్తీనియా కావచ్చు, కంఠసర్పి (డిఫ్తీరియా) వచ్చి తగ్గిన పిల్లల్లో కొన్ని వారాలకి అంగిలి నరం దెబ్బతినడం కావచ్చు. అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

అమ్మా, మీరు చేయాల్సింది ఈ వరసలో. వినికిడి పరీక్ష. తర్వాత చీలికలు చూసే బృందం ఉన్న ఆస్పత్రిలో, సర్జన్‌తో పాటు స్పీచ్ థెరపిస్ట్ కూడా ఉన్న చోట, ఎండోస్కోపీ. థెరపిస్ట్‌కి భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ నంబర్ ఉందా అని నిస్సంకోచంగా అడగండి. ఖర్చు భారమైతే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పెదవి, అంగిలి చీలికలు వస్తాయి. స్కూలుకి, అంగన్‌వాడీకి వచ్చే వైద్య బృందం నుంచో, జిల్లా ఆస్పత్రిలోని సత్వర చికిత్స కేంద్రం నుంచో రిఫరల్ రాయించుకోవచ్చు. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, మాట, వినికిడి రెండూ అక్కడ చూస్తారు. ఈలోపు టీచర్‌తో ఒకసారి మాట్లాడండి. బాబు పెదాలు, నాలుక సరిగానే పెడుతున్నాడు, గాలి వెనక నుంచి పోతోంది, అందరి ముందు మళ్లీ మళ్లీ చెప్పించవద్దు అని.

రిపోర్టు వచ్చాక మూడు విషయాలు రాయండి: ఏ ఏ శబ్దాలకి స్పూన్ మీద ఆవిరి పడింది, ఎండోస్కోపీలో సందు ఎక్కడ ఉందన్నారు, పక్క గోడలు కదులుతున్నాయన్నారా లేదా. అవి ఉంటే థెరపీ ముందా, సర్జరీ ముందా అన్నది కాస్త గట్టిగా చెప్పగలను.